మారియో మొదట వడ్రంగి

మొన్న వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ పిల్లలకి క్విజ్ పెట్టే పని నాకు అప్పగించారు. ఐదో రోజు సాయంత్రం పందిరి పక్కన కుర్చీలు వేసి, పిల్లల్ని నాలుగు జట్లుగా కూర్చోబెట్టాం. పురాణాలు, క్రికెట్ అయ్యాక కథల్లో, సినిమాల్లో, వీడియో గేముల్లో ఉండే పాత్రల మీద ఒక రౌండ్ పెట్టాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన రౌండ్ అదే. ఇలాంటి సంగతులు ఎక్కడ కనపడినా నోట్‌బుక్కులో రాసుకోవడం హైస్కూలు రోజుల నుంచి ఉన్న అలవాటు.

"మారియో ఏం పని చేస్తాడు?" అని అడిగాను. ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి టక్కున చెయ్యెత్తి "కార్పెంటర్" అంది. తప్పని చెప్పి ప్రశ్న పక్క జట్టుకి ఇచ్చాను. వాళ్లు "ప్లంబర్" అన్నారు. పది మార్కులు వేశాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "కాదంకుల్, ఫస్ట్ గేమ్‌లో కార్పెంటరే" అంది. అవతల హారతికి టైమ్ అవుతోందని పెద్దవాళ్లు పిలుస్తున్నారు. "నా కార్డు మీద ప్లంబర్ అనే ఉందమ్మా" అని చెప్పి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను. ఆ జట్టు సరిగ్గా పది మార్కుల తేడాతో ఓడిపోయింది.

రాత్రి ఇంటికొచ్చి నా పాత నోట్‌బుక్కు తీశాను. మారియో మొదట కనపడిన గేమ్ గురించి నా చేతిరాతతోనే ఉంది: "1981, డాంకీ కాంగ్. అప్పుడు వడ్రంగి. 1983లో ప్లంబర్ అయ్యాడు." అంటే ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ కార్డు రాసేటప్పుడు దాన్ని వదిలేశాను. కార్డులో ఒక్క మాటకే చోటుంది మరి. అది తట్టాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా ఈ చిన్న చిన్న సంగతులు పోగేస్తున్నాను కదా, వాటిలో నిజంగా నాకు ఇష్టమైనదేమిటి? "ప్లంబర్" అనే మాటా? వడ్రంగి ప్లంబర్ ఎలా అయ్యాడన్న కథా?

నా జవాబు తేలిపోయింది. ఒక పాత్ర గురించి తెలుసుకునే చిన్న సంగతి, ఆ పాత్రను తయారుచేసినవాళ్ల దగ్గరికి, వాళ్లకి ఆ రోజు ఎదురైన ఇబ్బంది దగ్గరికి తీసుకెళ్తేనే దానికి విలువ. కొన్నాళ్లుగా నాకున్న అభిప్రాయమే ఇది. కానీ దాన్ని అనుమానించడానికి కూడా గట్టి కారణాలు ఉన్నాయి. వాటిని కూడా ఇక్కడ పెడతాను.

అమ్ముడుపోని మెషీన్లు

మారియో సంగతే ముందు చెప్పుకుందాం. జపాన్ గేముల కంపెనీ నింటెండో 1980 ప్రాంతంలో అమెరికాలో అమ్ముదామని రాడార్ స్కోప్ అనే ఆర్కేడ్ గేమ్‌ను దాదాపు మూడు వేల మెషీన్లలో పంపింది. రెండు వేల దాకా అమ్ముడుపోలేదు. గోడౌన్లో పడి ఉన్న ఆ మెషీన్లలోనే కొత్త గేమ్ ఏదైనా పెట్టి అమ్మాలి. ఆ పని షిగెరు మియామోటోకి వచ్చింది. అప్పటికి ఆయన ఆ కంపెనీలో బొమ్మలు వేసే యువ ఉద్యోగి. ఒక గేమ్‌ను మొత్తంగా ఊహించి రూపొందించడం అదే మొదలు. ఆ గేమే డాంకీ కాంగ్. పొపాయ్ కార్టూన్ పాత్రలతో చేద్దామనుకున్నారు, హక్కులు దొరకలేదు. దాంతో హీరో పొపాయ్, విలన్ బ్లూటో, హీరోయిన్ ఆలివ్ ముగ్గురి చోటా కొత్తవాళ్లు కావలసి వచ్చారు. బ్లూటో గొరిల్లా అయ్యాడు, ఆలివ్ పౌలీన్ అయింది, పొపాయ్ ఒక పొట్టి మనిషి అయ్యాడు. కథ జరిగేది కట్టడం పని నడుస్తున్న చోట కాబట్టి ఆ పొట్టి మనిషి వడ్రంగి. పేరు కూడా లేదు. దూకుతాడు కనుక జంప్‌మ్యాన్ అన్నారు.

ఇక ఆ మనిషిని గీయాలి. మెషీన్ ఇచ్చిన చోటు అడ్డం పదహారు చుక్కలు, నిలువు పదహారు చుక్కలు. రంగులు మూడు. అంత చిన్న గడిలో నోరు గీస్తే నోరులా కనపడదు. అందుకని మియామోటో పెద్ద ముక్కు పెట్టి దాని కింద మీసం పెట్టాడు. జుట్టు గీసి, దూకినప్పుడల్లా అది ఎగిరేలా చేయడం కుదరని పని. అందుకని టోపీ పెట్టాడు. చేతులు ఊగుతున్నాయని తెలియాలంటే చొక్కా ఒక రంగు, పైన తొడుక్కునే పనిబట్టలు ఇంకో రంగు ఉండాలి. అలా వచ్చాయి ఆ బట్టలు. ఇవాళ ప్రపంచంలో ఏ పిల్లవాడు చూసినా గుర్తుపట్టే ఆ ముఖంలో అందం కోసం పెట్టినదంటూ దాదాపు ఏమీ లేదు.

మా ఊళ్లో తొంభైల్లో గంటకింత అని డబ్బులు తీసుకుని టీవీ గేములు ఆడించే చిన్న షాపు ఉండేది. ఒకే క్యాసెట్లో వందల గేములని అట్ట మీద రాసి ఉండేది, తీరా చూస్తే అవే పది గేములు మళ్లీ మళ్లీ వచ్చేవి. అక్కడే మొదటిసారి ఆ మీసాలాయన్ని చూశాను. ఎవరో జపానువాళ్లు మన మేస్త్రీని చూసి గీశారేమో అనుకున్నాను, అంత దగ్గరగా అనిపించాడు. మీసం వెనక కారణం పదిహేనేళ్ల తర్వాత తెలిసింది. తెలిసిన రోజున ఆ ముఖం మీద ఇష్టం ఇంకా పెరిగింది. చేతిలో ఏమీ లేని మనిషి ఉన్నదాంతో ఒక మనిషిని నిలబెట్టాడని అర్థమైంది.

పేరు సంగతి కూడా అలాంటిదే. అమెరికాలో నింటెండో గోడౌన్ సియాటిల్ దగ్గర టక్‌విలాలో ఉండేది. ఆ స్థలం యజమాని మారియో సెగాలే. జంప్‌మ్యాన్‌కి అక్కడి ఉద్యోగులు ఆయన పేరు పెట్టారు. ఆయన 2018లో పోయారు. తన పేరు ఇంత దూరం వెళ్లినా దాన్ని చూపించి ప్రచారం చేసుకోని మనిషి.

1983లో మారియో బ్రదర్స్ వచ్చింది. ఈసారి కథ భూమి కింద, చుట్టూ లావుపాటి పైపులు. ఆ పైపుల మధ్య ఆ బట్టల్లో ఉన్నవాడు ప్లంబర్‌లాగా ఉన్నాడు కాబట్టి ప్లంబర్ అయ్యాడు. ఇంకో విడ్డూరం చెప్పాలి. 2017లో నింటెండో జపాన్ సైట్లో మారియో పరిచయం చూసినవాళ్లకి అతను ఎప్పుడో ఒకప్పుడు ప్లంబర్ పని చేశాడట అన్నట్టుగా కనిపించింది. మరుసటి ఏడాది ఆ మాట మళ్లీ మారింది. అంటే నా కార్డు మీది ప్రశ్నకి ఏ ఏడాదిలో అడుగుతున్నానో చెప్పకపోతే జవాబే లేదు. మార్కులు పోగొట్టుకున్న ఆ అమ్మాయి మాత్రం "ఫస్ట్ గేమ్‌లో" అని ఏ గేమో కూడా చెప్పింది.

ఒక్క పాత్ర, నలుగురు మనుషులు

నా నోట్‌బుక్కులో అన్నిటికంటే ఎక్కువ పేజీలు తీసుకున్నది స్టార్ వార్స్ సినిమాల్లో నల్ల ముసుగు విలన్ డార్త్ వేడర్. క్విజ్‌లలో అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: అతని గొంతు ఎవరిది? జేమ్స్ ఎర్ల్ జోన్స్. మార్కులు. అయిపోయింది.

కానీ 1977లో ఆ నల్ల దుస్తుల్లో నడిచిన మనిషి డేవిడ్ ప్రౌస్. ఇంగ్లాండులోని బ్రిస్టల్‌వాడు, బరువులెత్తే పోటీల్లో ఛాంపియన్, ఆరున్నర అడుగుల ఎత్తు. షూటింగులో డైలాగులన్నీ ఆయనే చెప్పాడు, తర్వాత ఆ గొంతు మొత్తం తీసేసి జోన్స్ గొంతు పెట్టారు. ఆ జోన్స్ చిన్నప్పుడు నత్తి వల్ల ఏళ్ల తరబడి దాదాపు మాట్లాడకుండా ఉండిపోయిన మనిషి. తను చేసింది చిన్న పనే అన్నట్టు మొదటి సినిమాలో తన పేరు వేయవద్దని ఆయనే అన్నాడు. తర్వాతి రెండు సినిమాల్లో కత్తియుద్ధాలు ఎక్కువగా చేసింది బాబ్ ఆండర్సన్, 1952 ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఆడిన ఫెన్సింగ్ క్రీడాకారుడు. 1983లో ముసుగు తీసినప్పుడు కనపడిన ముఖం సెబాస్టియన్ షా అనే నాలుగో నటుడిది. ఇక ఆ ఊపిరి ఉంది చూశారూ, నీళ్లలోకి దిగేవాళ్లు నోట్లో పెట్టుకునే స్కూబా పరికరం లోంచి గాలి పీలుస్తూ సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ రికార్డు చేసిన శబ్దం అది.

ఆ ముసుగు కూడా మొదట్లో లేదు. బొమ్మలు గీసిన రాల్ఫ్ మెక్వారీకి ఒక అనుమానం వచ్చింది. ఈయన ఒక ఓడ లోంచి ఇంకో ఓడలోకి ఖాళీ అంతరిక్షం దాటి వెళ్లాలి కదా, ఊపిరి ఎలా? అందుకని ఊపిరి ముసుగు ఒకటి గీశాడు. ఆ ఒక్క సన్నివేశం కోసం వేసిన ముసుగు ఆ మనిషికి శాశ్వతంగా అతుక్కుపోయింది, అతని విషాదమంతా అందులోంచే పుట్టింది.

ఇక 1980 సినిమాలో వేడర్ హీరో ల్యూక్‌తో నేనే నీ తండ్రినని చెప్పే ఘట్టం. సెట్లో ప్రౌస్‌కి ఇచ్చిన డైలాగు వేరు: ల్యూక్ గురువు ఓబీ-వాన్ మీ నాన్నని చంపాడు అని. అసలు మాట బయటికి పొక్కకూడదని ఆయనకి చెప్పలేదు. ఎదురుగా ల్యూక్‌గా నటించే మార్క్ హామిల్‌కి షాట్‌కి కాస్త ముందు దర్శకుడు కెర్ష్‌నర్ చెవిలో వేశాడు. అంటే వేడర్ శరీరంగా నిలబడిన మనిషికి తను ఏం చెబుతున్నాడో తెలియదు. నాకు ఈ సంగతి చదివిన ప్రతిసారీ బాధగా ఉంటుంది. ఆ చేయి చాచడం, ఆ తల వంపు ప్రౌస్‌వి. అవి లేకపోతే ఆ మాటకి అంత బరువు రాదు. బాబ్ ఆండర్సన్ కత్తి పట్టిన సంగతి కూడా కొన్నాళ్లు దాచే ఉంచారు. అది అన్యాయమనిపించి 1983లో హామిలే పత్రికవాళ్లకి చెప్పాడు. క్విజ్ కార్డు మీద ఒక్క పేరు మిగులుతుంది. దాని వెనక మరో నలుగురైదుగురు ఉండిపోతారు.

మనకి ఇది కొత్తేమీ కాదు. 1957 మాయాబజార్‌లో ఘటోత్కచుడు ఎవరంటే ఎవరైనా ఎస్వీ రంగారావు అంటారు. నిజమే. కానీ వివాహభోజనంబు దగ్గర ఆ గొంతు మాధవపెద్ది సత్యంది. అదే ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్నప్పుడు శరీరం సావిత్రిది. అహ నా పెళ్లియంటలో పాడే గొంతు సుశీలది, మధ్యలో నోరు జారి రాక్షసుడి గొంతు బయటపడినప్పుడు అది ఘంటసాలది. ఒక్క పాత్రకి రెండు శరీరాలు, పాటల్లోనే మూడు గొంతులు. సావిత్రి ఆ పాటలో భుజాలు ఎగరేసి, మళ్లీ సర్దుకునే తీరు చూడండి. ఆమె శశిరేఖను నటించడం లేదు, శశిరేఖను నటిస్తున్న రంగారావును నటిస్తోంది. ఇది క్విజ్ ప్రశ్నలో ఎలా పడుతుంది? కానీ పాత్రల గురించి నాకు తెలిసిన గొప్ప సంగతుల్లో ఇదొకటి.

అన్నయ్య అభ్యంతరం

ఈ మాటలు మా అన్నయ్యతో అంటే ఒప్పుకోలేదు. "ఒరేయ్, నాకు అతను ఘటోత్కచుడు. పాట వచ్చినప్పుడు మాధవపెద్ది సత్యం అని నువ్వు చెవిలో చెప్పకు. నేను సినిమా చూస్తున్నాను, జీతాల పట్టిక చూడట్లేదు" అన్నాడు. మేజిక్ షోలో వెనక వైపు కూర్చోవాలని ఎందుకు అనుకుంటావని కూడా అడిగాడు.

ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. పాత్రను నమ్మడం ఒక సుఖం. ఆ సుఖంలో ఉన్నవాడిని తట్టి లేపే హక్కు నాకు లేదు. నేను అన్నయ్య మాటని చాలా రోజులు మోశాను, మళ్లీ సినిమాలు చూసేటప్పుడు నాకు ఏమవుతుందో గమనించుకున్నాను.

జపాన్ సినిమాల్లోని రాక్షస జంతువు గాడ్జిల్లా విషయంలో నాకు ఒక సమాధానం దొరికింది. 1954లో ఇండోనేషియాతో కలిసి తీయాల్సిన ఒక సినిమా ఆగిపోయి, నిర్మాత తొమొయుకి తనాకా దాని స్థానంలో వెంటనే ఇంకోటి తీయవలసి వచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాన్ చేపల పడవ ఒకదాని మీద పడింది. అందులో రేడియో ఆపరేటర్ సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరులో సినిమా విడుదలైంది. అప్పటి ప్రేక్షకుడికి ఆ జంతువు ఎక్కడినుంచి లేచి వచ్చిందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఎఫెక్ట్స్ చేసిన ఎయిజి త్సుబురాయాకి బొమ్మను కొంచెం కొంచెం కదుపుతూ ఒక్కొక్క ఫ్రేము తీసే పద్ధతి ఇష్టం. దానికి ఏళ్లు పడుతుంది. ఉన్నవి నెలలు. అందుకని ఒక మనిషికి రబ్బరు సూట్ తొడిగారు.

ఆ మనిషి హరువో నకజిమా. మొదటి సూట్ వంద కిలోల దగ్గర ఉండేదట, కాలు కదపడానికే లేదు. దాన్ని కోసి ముక్కలుగా వాడుకుని ఇంకోటి చేశారు. లైట్ల వేడికి లోపల ఊపిరాడేది కాదు, షాట్ అయ్యాక చెమట ఒంపేవారు. జంతువులు ఎలా నడుస్తాయో చూడటానికి ఆయన జూకి వెళ్లి గమనించేవాడు. 1972 దాకా వరసగా పన్నెండు సినిమాల్లో ఆ సూట్ వేసుకున్నాడు. 2017లో పోయాడు. ఆ అరుపు సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఆలోచన. డబుల్ బేస్ అనే పెద్ద తీగ వాద్యం తీగలు వదులు చేసి, బంక రాసిన తోలు గ్లవ్‌తో వాటిని రుద్ది, ఆ శబ్దాన్ని నెమ్మది చేశారు.

ఇవన్నీ తెలిశాక ఆ నలుపు తెలుపు సినిమాని మళ్లీ చూశాను. టోక్యో తగలబడుతుంటే ఆ జంతువు మెల్లగా, అలిసిపోయినట్టుగా అడుగు వేస్తుంది. ముందు చూసినప్పుడు భయం మాత్రమే వేసింది. ఈసారి లోపల ఒక మనిషి ఊపిరి బిగబట్టి ఆ కాలు ఎత్తుతున్నాడని తెలుసు. భయం తగ్గలేదు, దానికి జాలి తోడైంది. ఆ సినిమా అడుగుతున్నది కూడా ఆ జాలినే అని నాకు అనిపిస్తుంది. అయితే ఇది నాకు జరిగింది, అన్నయ్యకి జరగాలని లేదు. సినిమా నడుస్తుండగా చెవిలో చెప్పకుండా ఉండటం వరకు ఆయన మాట వింటాను. సినిమా అయ్యాక మాత్రం చెబుతాను.

గాంధీ, 255

ఇంకో అనుమానం దీనికంటే గట్టిది. ఇబ్బందిలోంచి పుట్టిన పాత్రల కథలు వినడానికి ఎంత బాగుంటాయంటే, అవి నిజమా కాదా అని చూడటం మానేస్తాం.

దేశాల్ని నడిపిస్తూ ఆడే సివిలైజేషన్ అనే కంప్యూటర్ గేమ్‌లో గాంధీ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1991 గేమ్‌లో ప్రతి నాయకుడికీ దూకుడుకి ఒక అంకె ఉంటుంది, గాంధీకి అన్నిటికంటే తక్కువ, ఒకటి. ప్రజాస్వామ్యం రాగానే అందులోంచి రెండు తగ్గుతుంది. ఆ అంకె దాచే చోట సున్నా నుంచి 255 దాకానే పడుతుంది కాబట్టి అది చుట్టు తిరిగి 255 అయిపోతుంది, అహింసామూర్తి అణుబాంబులు వేయడం మొదలుపెడతాడు. ఈ కథని నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ప్రోగ్రామింగ్ పాఠంలా కూడా చెప్పాను.

అది జరగలేదు. గేమ్ రూపొందించిన సిడ్ మీయరే 2020లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో అలాంటి పొరపాటేదీ ఆ గేమ్‌లో లేదని రాశాడు. ఆ గేమ్‌లో అణ్వాయుధాలు చేతికొచ్చిన ఏ నాయకుడైనా ఒకే రకం బెదిరింపు మాటలు మాట్లాడతాడు. గాంధీ నోటి నుంచి వచ్చినప్పుడు అది జనానికి గుర్తుండిపోయింది. 255 వివరణ 2012 ప్రాంతంలో ఇంటర్నెట్‌లో ఎవరో అతికించింది. 2010లో వచ్చిన ఐదో గేమ్‌లో మాత్రం గాంధీకి అణుబాంబుల మోజు ఎక్కువగా ఉండేలా కావాలనే పెట్టారు.

ఇది తెలిసిన రోజు నాకు చాలా సిగ్గేసింది. ఎందుకు నమ్మానో కూడా అర్థమైంది. అలాంటిదే ఒకటి నిజంగా జరిగింది, ఇంకో పాత్ర విషయంలో. 1980 ప్యాక్‌మ్యాన్‌లో ఎన్నో లెవెల్ నడుస్తోందో గుర్తుంచుకునే చోట 255కి మించి పట్టదు. 256వ లెవెల్‌కి చేరినవాడికి తెర కుడి సగమంతా అక్షరాలూ అంకెలూ కలగాపులగమై, ఆట ముందుకు సాగదు. అది నిజమైన లోపం, ఇప్పటికీ ఆ మెషీన్ మీద చూడవచ్చు. గాంధీ కథ ఆ నిజానికి తమ్ముడిలా ఉంది కాబట్టి నమ్మేశాను. ప్యాక్‌మ్యాన్ ఆకారం పిజ్జాలోంచి ఒక ముక్క తీస్తే వచ్చిందన్న కథ కూడా ఉంది. ఆ గేమ్ రూపొందించిన తోరు ఇవాతానియే అది సగం నిజమన్నాడు. జపనీస్‌లో నోరు అని రాసే చదరపు అక్షరాన్ని గుండ్రం చేయడం మిగతా సగం.

మరి నా అభిప్రాయం నిలుస్తుందా? ఇబ్బంది, దాన్ని దాటిన తెలివి అనే కథ కోసం చెవి కోసుకునేవాడిని కాబట్టే మోసపోయాను కదా. నిజమే, ఇలా వెతికేవాడికి ఆ ప్రమాదం ఉంది. కానీ ఆ అబద్ధాన్ని పట్టిచ్చింది కూడా అలా వెతకడమే. "గాంధీ అణుబాంబులు ఎందుకు వేస్తాడు? 255" అని జవాబు రాసుకున్నంతకాలం పట్టుబడలేదు. ఎవరు చేశారు, ఏ గేమ్‌లో, చేసినవాడు ఏమన్నాడు అని అడిగితే పట్టుబడింది. అప్పటి నుంచి నోట్‌బుక్కులో ప్రతి సంగతి పక్కన "ఎవరు చెప్పారు" అని ఒక గడి గీసుకున్నాను. సగం గడులు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

పుస్తకంలో లేని టోపీ

రచయిత రాయనివి పాత్రకి అతుక్కుపోవడం ఇంకో రకం. షెర్లాక్ హోమ్స్ అనగానే ముందూ వెనకా అంచులున్న ఆ టోపీ గుర్తొస్తుంది. కోనన్ డోయల్ కథల్లో ఆ టోపీ పేరెక్కడా లేదు. ఒకచోట బిగుతుగా ఉండే గుడ్డ టోపీ అనీ, ఇంకోచోట చెవులు మూసే ప్రయాణపు టోపీ అనీ ఉంటుంది. స్ట్రాండ్ పత్రికకి బొమ్మలు వేసిన సిడ్నీ పేజెట్ దాన్ని ఆ రూపంలో గీశాడు, అదీ హోమ్స్ పల్లెలకి వెళ్లే కథల్లోనే. లండన్ వీధుల్లో కూడా అదే టోపీ పెట్టింది తర్వాతి నాటకాలు, సినిమాలు. పైగా పత్రికవాళ్లు అసలు పిలుద్దామనుకున్నది పేజెట్ తమ్ముడు వాల్టర్‌ని, ఉత్తరం పొరపాటున సిడ్నీకి చేరింది. ఆ పొరపాటు జరగకపోతే మన కళ్లలో ఉన్న హోమ్స్ వేరే మనిషి. డ్రాక్యులా కూడా అంతే. 1897 నవలలో అతను పగటిపూట లండన్‌లో తిరుగుతాడు. ఎండ తగిలితే చచ్చిపోవడమన్నది 1922 నాటి నోస్ఫెరాతు అనే మూకీ సినిమా తెచ్చినది.

హోమ్స్ మిత్రుడు వాట్సన్ గాయం సంగతి వేరు. మొదటి నవలలో తూటా భుజానికి తగిలింది, రెండో నవలలో కాలికి. ఒక కథలో జాన్ వాట్సన్‌ని అతని భార్యే జేమ్స్ అని పిలుస్తుంది. డోయల్ మరిచిపోయాడు, అంతే. దీని వెనక ఇబ్బందీ లేదు, తెలివీ లేదు. నా లెక్క ప్రకారం దీనికి విలువ ఉండకూడదు. కానీ పాఠకులు ఆ పొరపాట్లను సరిపెట్టడానికి వందేళ్లకి పైగా వ్యాసాలు రాస్తూనే ఉన్నారు, ఒక మనిషి నిజంగా బతికి ఉన్నట్టు. ఆ ప్రేమ ముందు నా లెక్క కొంచెం సడలించుకోక తప్పదు. పాత్రను తయారుచేసేవాళ్లలో చదివేవాళ్లు కూడా ఉన్నారని ఒప్పుకుంటున్నాను.

ఇదంతా రాస్తుంటే ఒక బాధ గుచ్చుతోంది. పేజెట్‌కి ఉత్తరం ఎలా చేరిందో నాకు తెలుసు. మన చందమామలో భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి వేసింది శంకర్ అని, ఆయన 2020లో పోయారనీ తెలుసు. చెట్టు మీది శవాన్ని దించి నడవడం అంటే మన తరానికి ఆయన గీసిన ఆ భంగిమే. కానీ అద్దె లైబ్రరీల్లో చిరిగిపోయేదాకా చదివిన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్? అసిస్టెంటు రాజు పేరు తెలుసు. ఆ అట్టలు ఎవరు వేశారు, యుగంధర్ ముఖం ముందు ఎవరి కళ్లలో పుట్టింది, ఏ కథ ఏ తొందరలో రాశారు? నా నోట్‌బుక్కులో వేడర్‌కి పదకొండు పేజీలున్నాయి. యుగంధర్‌కి కేటాయించిన పేజీ మీద పేరు తప్ప ఏమీ లేదు. చెప్పగలిగినవాళ్లు పెద్దవాళ్లైపోతున్నారు. మీ ఇంట్లో ఆనాటి సంపాదకులో, అట్టలు వేసినవాళ్లో, ప్రెస్సులో పనిచేసినవాళ్లో ఉంటే దయచేసి కూర్చోబెట్టి అడగండి, రాసి పెట్టండి.

నిమజ్జనం అయిన మర్నాడు ఆ అమ్మాయి వాళ్ల ఫ్లాట్‌కి వెళ్లాను. వాళ్లమ్మగారు తలుపు తీశారు. నీ జవాబు కరెక్టమ్మా, నేనే తప్పు చెప్పాను, ప్రైజు మీ జట్టుకి కూడా ఇస్తున్నాను అని చెప్పాను. ప్రైజు గురించి ఆ పిల్ల పెద్దగా పట్టించుకోలేదు. "మరి కార్పెంటర్ పని మానేసి ప్లంబర్ ఎందుకయ్యాడంకుల్?" అని అడిగింది. కట్టడం దగ్గర కథ, భూమి కింద కథ, పైపులు అన్నీ చెప్పాను. మీసం సంగతి చెప్పేటప్పుడు లోపలికి వెళ్లి లెక్కల నోట్సు తెచ్చి, పదహారు గడుల చదరం గీసి పెన్సిల్‌తో నింపడం మొదలుపెట్టింది. మొదట నోరు పెట్టి చూసింది. గడ్డానికీ మెడకీ తేడా పోయింది. చెరిపేసి ముక్కు కింద నాలుగు గడులు నల్లగా నింపింది.

వచ్చే ఏడాది క్విజ్‌కి కార్డులు మేమిద్దరం కలిసి రాస్తున్నాం. మొదటి కార్డు ఆ అమ్మాయి అప్పుడే రాసి ఇచ్చేసింది: "1981లో మారియో ఏం పని చేసేవాడు? ఎందుకు?" ఎందుకు అన్న మాట కింద రెండు గీతలు గీసింది.